కిరాయి షేర్వానీలో ‘నిజామీ లుక్’

మేడ్చల్ హైవే మీద ఫంక్షన్ హాళ్లు పెరిగిన కొద్దీ కిరాయి షేర్వానీల కారోబార్ కూడా పెరిగింది. షామీర్‌పేట చెరువు దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్‌కి దిగే దూల్హాలను చూడండి. ఒంటి నిండా జరీ, మెడలో నక్లీ ముత్యాల దండలు, నెత్తిన రాజస్థానీ సాఫా, చేతిలో అట్ట తల్వార్. దానికి పెట్టిన పేరు ‘నిజామీ లుక్’. వింటేజ్ ఫ్యాషన్ అట!

నవ్వూ వస్తుంది, గుస్సా కూడా వస్తుంది. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వేసుకున్నది ఏమిటో మన బుజుర్గులను అడగండి. పాతబడిన రూమీ టోపీ, వెలిసిన షేర్వానీ. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసిన మనిషి ఆయన!

షేర్వానీ వట్టి షాదీ బట్ట కాదు జనాబ్, దఫ్తర్ బట్ట. 1940ల, 50ల హైదరాబాద్ ఫొటోలు తీసి చూడండి. వకీలు, ఉస్తాదు, గుమాస్తా అందరి ఒంటి మీదా అదే. నల్లదో, బూడిద రంగుదో. మెరుపు లేదు. గొంతు దాకా బొత్తాలు, మోకాళ్ల దాకా పొడవు, అంతే. ఔరంగాబాద్ హిమ్రూ వేసిన షౌకీన్ల సంగతి వేరే. మహారాజా కిషన్ పర్షాద్ షేర్వానీ వేసుకున్నాడు. 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు వేసుకున్నాడు. వాళ్లేమీ కలిమా చదవలేదు కదా.

అలాగని అందరి లిబాస్ అని ఝూట్ చెప్పను. ఈ మేడ్చల్ పల్లెల్లో కూలి మనిషికి గోచీ, గొంగడే దక్కాయి. మా గరీబు సాయిబులకు లుంగీయే. షేర్వానీ చదువూ నౌకరీ ఉన్నవాడిది.

1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత రూమీ టోపీ సందూకులోకి పోయింది. షేర్వానీ కూడా మెల్లగా దాని వెనకే నడిచింది. టెరిలిన్ ప్యాంట్లు, సఫారీ సూట్లు వచ్చాయి. ఈ లోపల ఒక తమాషా జరిగింది. చేతులు తీసేసి, కింది ఘేరా కత్తిరించి, మిగిలిన ముక్కకు నెహ్రూ జాకెట్ అన్నారు. ఇప్పుడదే మోదీ జాకెట్. అది తొడిగినవాడు లీడర్. నిండు షేర్వానీ తొడిగి నేను బస్సెక్కితే, ‘ఏం భాయ్, ఇయ్యాల ఎవరి షాదీ?’ మంచి సవాల్ అదొక్కటే. మిగతావి ఇక్కడ రాయను. చేతులు కోస్తే హిందుస్తానీ, కోయకపోతే ముసల్మానీ! దూల్హాకి, పెద్ద హోటల్ గేటు దగ్గర సలాం కొట్టే దర్బాన్‌కి మాత్రం మాఫీ ఉంది.

షౌక్ నిజమైతే కిరాయి మానండి. ఇంట్లో దాదాదో నానాదో సందూకులో ఉంటే దర్జీకి చూపించండి. పాత కారీగర్లు కుట్టు లోపల బట్ట వదిలేవాళ్లు, కాబట్టి నడుము దగ్గర, ఛాతీ దగ్గర కాస్త వదులు చేయొచ్చు. భుజాలు కుదరకపోతే ముట్టుకోకండి, ఖరాబవుతుంది. కొత్తది కుట్టించేట్టయితే సాదా కాటన్ చాలు, మన ఎండకి ఉన్ని ఎందుకు? కింద సన్న పైజామా వేయండి. జీన్స్ వేసినా నాకు ఏతరాజ్ లేదు. షాదీ అయ్యాక సందూకులో పెట్టేయకుండా సోమవారం ఆఫీసుకి వేసుకుపోండి.

నేను పోయిన చలికాలం నుంచి వేస్తున్నా. ఏడు బొత్తాలు. గొంతు దగ్గరి హుక్ మాత్రం జొహర్ వేళకి తీసేస్తా.