సుడిగాలికి పేదల మీద పగ వుందా?

1989 ఏప్రిల్ 26 సాయంత్రం బంగ్లాదేశ్‌లోని మానిక్‌గంజ్ జిల్లా మీద సుడిగాలి విరుచుకుపడింది. దౌలత్‌పూర్, సాతూరియా ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకు పోయాయి. సుమారు 1,300 మంది చనిపోయారు. 12,000 మంది గాయపడ్డారు. 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. లోకంలో లెక్కకెక్కిన సుడిగాలులన్నిట్లో ఎక్కువ ప్రాణాలు తీసింది ఇదే. అంతకుముందు నెలల తరబడి వాన లేదు. మబ్బు కోసం ఎదురుచూసిన జనానికి మబ్బుతోపాటే చావు వచ్చింది.

"ప్రకృతి వైపరీత్యం, ఎవరేం చేస్తారు?" అంటారు పెద్దమనుషులు. గాలిని ఆపలేం, నిజమే. కాని అమెరికాలో ఏటా వెయ్యికి పైగా సుడిగాలులు లేస్తాయి. అక్కడ ఒక్క సుడిగాలికి ఎక్కువ మంది పోయింది 1925లో, 695 మంది. బంగ్లాదేశ్‌లో అన్ని లేవవు. మరి చావులు అక్కడెందుకు ఎక్కువ? కిక్కిరిసిన ఊళ్లు, వెదురు తడికలు, మట్టి గోడలు, పైన రేకులు. గాలికి లేచిన రేకు కత్తిలా మనిషిని కోస్తుంది. హెచ్చరిక అందదు. అందినా, పోయి దాక్కోడానికి గట్టి గోడ లేదు. 1996 మే 13న టాంగైల్ జిల్లాలోనూ ఇట్లాగే సుమారు 700 మంది పోయారు. అమెరికాలో సైతం తెచ్చి నిలబెట్టే చవక ఇళ్లు కొద్దిపాటివే, చావుల్లో వాటి వాటా మాత్రం పెద్దది. గాలికి వర్గం లేదు. ఇంటికి వుంది.

ఈ సంగతి మన కోస్తా కూలీలకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పది వేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. తర్వాత తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే తుపానుకు లక్షల మందిని ముందే తరలించారు. అదీ చిన్న తుపాను కాదు, అయినా చావులు వెయ్యి లోపే. అంటే, తలచుకుంటే ప్రాణాలు కాపాడవచ్చునన్న మాట.

అయితే తుపాను రెండు మూడు రోజుల ముందే చెప్పి వస్తుంది. సుడిగాలి నిమిషాల్లో వస్తుంది. షెల్టరు దాకా పరుగెత్తే వ్యవధి వుండదు. కూలివాడి ఇల్లే వాడికి షెల్టరు కావాలి.

గాలి వెళ్లాక మరో అన్యాయం. చేను పోయినవాడి పేరు పట్టా పుస్తకంలో దొరుకుతుంది. పోయిన కూలి దినాలు ఏ పుస్తకంలో వున్నాయి?

కనుక అన్నం పొట్లాలతో, చీరె ముక్కతో సరిపెట్టుకోవద్దు. ప్రతి కూలి కుటుంబానికీ గట్టి గోడల పక్కా ఇల్లు, పనిపోయిన రోజులకు కూలి అడగాలి. గాలి లేచాక కాదు, ఇప్పుడే, సంఘంగా కూడి అడగాలి.