అడవి అంచు పిల్లలకూ వేసవి శిబిరం కావాలి

వేసవి సెలవులు వచ్చాయంటే పల్లెల్లో తల్లిదండ్రులకు కొత్త దిగులు మొదలవుతుంది. ఏప్రిల్ ఆఖరి వారంలో మూతపడిన బడి జూన్ రెండవ వారంలో గాని తెరుచుకోదు. ఈ ఏడు వారాలూ పిల్లలు ఏం చేయాలి? తల్లీ తండ్రీ కూలికి పోగా ఇంటి పట్టున ఉండేది అవ్వా తాతలే. వారి కన్నుగప్పి కొందరు కాలువలో ఈతకు పోతారు. కొందరు మేకల వెంట కొండవారకు పోతారు. ఇంకొందరు సెల్ ఫోను ముందు కూర్చుని పొద్దు పుచ్చుతారు. కాలువల్లో, కుంటల్లో పసివారు మునిగిపోయిన వార్త వినకుండా గడిచే వేసవి అరుదు.

నగరాలలో పరిస్థితి వేరు. అక్కడి పిల్లలకు ఈతకొక శిబిరం, సంగీతానికొక శిబిరం, బొమ్మలు గీయడానికొక శిబిరం ఉన్నాయి. వాటిలో చెప్పుకోదగినవి జంతు ప్రదర్శనశాలలలో జరిగే వేసవి శిబిరాలు. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ఒడ్డున 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, విశాఖపట్నంలో 1977 మే 19న ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఇటీవలి సంవత్సరాలలో బడిపిల్లలకు ఇటువంటి శిబిరాలు నిర్వహిస్తున్నాయి. పొరుగున కర్ణాటకలో 1892 నాటి మైసూరు జంతు ప్రదర్శనశాల కూడా ఈ పని చేస్తున్నది.

ఈ శిబిరాలను బోను ముందు నిలబడి కోతికి వేరుశనక్కాయలు విసరే విహారయాత్రగా భావించరాదు. పిల్లలు పొద్దున్నే పోయి, నేర్చుకుని, మళ్ళీ ఇంటికి చేరే పగటి బడులవి. జంతువుల వంటశాలలో ఏ జంతువుకు ఎంత ఆహారం తూచి పెడతారో చూపుతారు. చాలా జంతు ప్రదర్శనశాలల్లో పులులకు, సింహాలకు వారానికొక రోజు ఆహారం పెట్టరు. అడవిలో పులికి రోజూ వేట దొరకదనీ, దాని కడుపు అందుకు అలవాటు పడినదనీ అప్పుడు పిల్లలకు తెలుస్తుంది. ఎండాకాలంలో జంతువులకు నీళ్ళ జల్లు, నీడ, పుచ్చకాయ ముక్కలు ఎందుకిస్తారో కాపలాదారులే వివరిస్తారు. రాత్రిపూట తిరిగే జంతువుల ఇంట్లో పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వెలిగించే ఏర్పాటు ఉంటుంది. జంతువులు ఆ చీకటిని రాత్రి అనుకుని తిరుగుతూ ఉంటే పిల్లలు పట్టపగలే వాటి రాత్రి బతుకును చూస్తారు. విషమున్న పాము ఏదో, లేనిది ఏదో పక్కపక్కన పెట్టి చూపుతారు. ఇది మంచి చదువు, అభినందించదగిన ప్రయత్నం.

అయితే ఈ చదువు ఎవరికి అందుతున్నది? జంతు ప్రదర్శనశాలకు సిటీ బస్సులో పోయి రాగల నగరం పిల్లలకే. బండి ఆత్మకూరు నుంచి హైదరాబాదుకు 250 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. తిరుపతికీ అంతే. విశాఖపట్నం మాట చెప్పనక్కరలేదు. పొద్దున పోయి సాయంత్రం రావలసిన శిబిరానికి అంత దూరం నుంచి పిల్లవాణ్ణి పంపగల కూలీ కుటుంబం ఏది? పులి బొమ్మను పుస్తకంలో తప్ప ఎరుగని బిడ్డకు పులిని గురించి పాఠం చెప్పేవారున్నారు. పులి తిరిగే కొండ కింద నిద్రపోయే బిడ్డకు మాత్రం చెప్పేవారు లేరు. ఇది శోచనీయం.

“మా పిల్లలకు నేర్పేదేముంది? పాములను, జింకలను, అడవిపందులను రోజూ చూస్తూనే ఉన్నారు గదా” అని కొందరు పెద్దలు అనవచ్చు. చూడటం వేరు, ఎరగటం వేరు. జెర్రిపోతు కనబడితే కర్ర తీసుకుని చంపే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. దానికి విషం లేదనీ, చేలో ఎలుకలను తిని రైతు గింజను కాపాడేది అదేననీ తెలిసినవారు ఆ కర్ర ఎత్తరు. మరోపక్క రక్తపింజరిని చిన్న కొండచిలువ అనుకుని దగ్గరికి పోయేవారూ ఉన్నారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం తెలియకపోవడమే.

పాముకాటును గురించి 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారు. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవారిలో అత్యధికులు పల్లెవాసులు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, అంటే తొలకరి పడి పొలం పనులు ముమ్మరమయ్యే రోజులలోనే సంభవించాయి. బడి సెలవులు ముగిసేదీ అప్పుడే. కాటు వేసిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు, మంత్రాల కోసం పొద్దు పుచ్చరాదు, కరిచిన కాలూ చెయ్యీ కదలనీయకుండా ప్రభుత్వాసుపత్రికి చేర్చి విషపు విరుగుడు మందు ఎక్కించాలి అన్న నాలుగు మాటలు మే నెలలో పిల్లవాడికి చెబితే, జూలైలో ఆ ఇంట్లో ఒక ప్రాణం నిలవవచ్చు. నగరం పిల్లవాడికి ఈ పాఠం వినోదం కావచ్చు. ఇక్కడి పిల్లవాడికి అది ఆయువు.

పెద్ద జంతువుల మాట కూడా తీసుకోవాలి. 2023 మార్చిలో మన జిల్లాలోనే కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు పులి కూనలు జనం కంటబడ్డాయి. గ్రామస్థులు వాటికి హాని జరగకుండా చూసి అటవీశాఖకు కబురు చేశారు. తల్లిపులితో కలపడానికి సిబ్బంది రోజుల తరబడి అడవి గాలించినా ఫలితం లేకపోయింది. చివరకు కూనలను తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించారు. ఆ గ్రామస్థులు చూపిన దయ ప్రశంసనీయం. కాని అటువంటి కూనలు కంటబడినప్పుడు చుట్టూ గుమికూడరాదనీ, తల్లి దాపులోనే ఉండవచ్చుననీ, తాకకుండా దూరం జరిగి వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలనీ ఊరిలో ప్రతి బిడ్డకూ ముందే తెలిసి ఉండటం ఎంతైనా అవసరం.

ఆ మరుసటి ఏడాది, 2024 జూన్‌లో, శిరివెళ్ళ మండలం పచ్చర్ల వద్ద కట్టెలకు పోయిన ఒక మహిళ చిరుతపులి దాడిలో ప్రాణం కోల్పోయింది. ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడు నాలుగు రోజులు భయం, నాలుగు రోజులు ఆగ్రహం, ఆపైన మరపు. అడవికి ఒంటరిగా పోరాదు, గుంపుగా మాట్లాడుకుంటూ పోవాలి, పొద్దు వాలాక చిన్నపిల్లలను వెనుక నడిపించరాదు, చిరుత ఎదురైతే పరుగెత్తరాదు, వంగి కూర్చోరాదు, కళ్ళెదుటే ఉంచుకుని నెమ్మదిగా వెనక్కు జరగాలి. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా పిల్లలు ఎంతవరకు నేర్చుకుంటున్నారు? కట్టెలకు, పశువుల వెంట ఎక్కువగా పోయేది ఆడపిల్లలు. వారికి ఈ పాఠం ముందు చెప్పాలి.

జంతువుల వల్ల మనకు కలిగే ముప్పు ఒకవైపైతే, మన వల్ల వాటికి కలిగే ముప్పు మరొకవైపు. మిడుతూరు మండలం రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటైంది. ఒకప్పుడు ఆ పిట్టను చూడటానికి దేశదేశాల నుంచి వచ్చేవారు. ఇప్పుడది కనబడటమే గగనమైంది. ఆ పక్క పొలాల్లోనే పెరిగిన పిల్లల్లో దాని పేరు చెప్పగలవారు ఎందరు? అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగితే ఆ తీగకు పంది పడుతుందో, పొరుగు రైతు పడతాడో చెప్పలేము. ఈ ప్రమాదాన్ని తండ్రికి అధికారులు చెబితే వినకపోవచ్చు. కన్నబిడ్డ ఇంటికొచ్చి చెబితే కొంతైనా ఆలోచిస్తాడు.

కనుక జంతు ప్రదర్శనశాలకు పోలేని పిల్లల దగ్గరకు ఆ శిబిరమే రావాలి. ఇందుకు పెద్ద పెద్ద పథకాలు అక్కరలేదు. మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాల భవనం సెలవుల్లో ఖాళీగానే ఉంటుంది. ఉదయం ఏడు గంటల నుంచి పదకొండు వరకు, ఎండ ముదరక ముందే ముగిసేలా మూడు రోజుల శిబిరం జరపవచ్చు. మొదటి రోజు పాములు, పాముకాటు. ఇందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు రావాలి. రెండవ రోజు చిరుత, ఎలుగు, అడవిపంది, పంట రక్షణ, నష్టపరిహారం పొందే పద్ధతి. ఇందుకు అటవీ రేంజి అధికారి, పశువైద్యుడు రావాలి. మూడవ రోజు పిట్టలు, చెట్లు, అడవిలో అడుగుజాడలు. ఇందుకు చెంచు పెద్దలను పిలవాలి. మట్టిలో ఉన్న గుర్తు చూసి ఏ జంతువు ఎప్పుడు ఎటు పోయిందో చెప్పగల విద్య వారిది. పులుల రక్షణ పనిలో అటవీశాఖ వారి సాయం తీసుకుంటూనే ఉన్నది. అదే విద్యను బడిపిల్లల ముందు వారి చేత చెప్పించి, తగిన గౌరవవేతనం ఇస్తే చెంచు పిల్లలకు తమ పెద్దలంటే, తక్కిన పిల్లలకు చెంచులంటే గౌరవం పెరుగుతుంది.

శిబిరం ముగిశాక వెలుగోడు, ఆత్మకూరు మీదుగా బైర్లూటికి ఒక రోజు తీసుకుపోతే చాలు. అక్కడ అటవీశాఖ సందర్శకుల కోసం వసతులు ఏర్పాటు చేసింది. బయటి ఊళ్ళవారు సొమ్ము చెల్లించి వచ్చి చూసే ఆ అడవిని పక్క మండలం పిల్లలకు ఏడాదిలో ఒక్క రోజు ఉచితంగా చూపడం శాఖకు భారమేమీ కాదు. అలాగే మండలానికొక బస్సు చొప్పున కొందరు పిల్లలను, పేద ఇళ్ళవారిని ముందుగా ఎంపిక చేసి, తిరుపతి జంతు ప్రదర్శనశాలకు పంపవచ్చు. 1987లో ఏర్పడిన ఆ జంతు ప్రదర్శనశాల దేశంలోని పెద్దవాటిలో ఒకటి. మన జిల్లా పులి కూనలు అక్కడికి పోయాయి. మన జిల్లా పిల్లలకు ఆ దారి ఎందుకు మూసి ఉండాలి?

ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. భవనం ప్రభుత్వానిది, వచ్చి చెప్పే అధికారులు జీతం పుచ్చుకునేవారే. మిగిలేది పిల్లలకు మజ్జిగ, ఉప్మా, బస్సు కిరాయి. పంచాయతీలు, దాతలు, ఊరి యువజన సంఘాలు తలా ఒక చెయ్యి వేస్తే ఇది పెద్ద మొత్తం కాదు. తిరునాళ్ళలో ఎడ్ల పందేలకు బహుమతులు ప్రకటించే చేతులు పిల్లల చదువుకు వెనుకాడవు. అడిగేవారు కావాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయవలసి ఉన్నది. శిబిరం పేరుతో పాములను పట్టి తెచ్చి పిల్లల మెడలో వేసి ఫోటోలు తీయించే వేడుక జరగరాదు. వన్యప్రాణులను పట్టడం, హింసించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలకు నేర్పవలసింది అడవి జంతువును మచ్చిక చేసే సాహసం కాదు, దాని దారిన దాన్ని పోనిచ్చే ఓర్పు. బొమ్మలు, పటాలు, పెద్దల అనుభవాలు ఆ పాఠానికి చాలు. అదే విధంగా ప్రారంభోత్సవానికి దండలు, ఉపన్యాసాలతో మొదటి రోజంతా గడిపి, రెండవ రోజు తలుపులు మూసే శిబిరాలు జరపడం కంటే జరపకపోవడమే మేలు.

దూరపు కొండలు నునుపు అంటారు. నల్లమల మనకు దూరపు కొండ కాదు. దాని రాళ్ళూ ముళ్ళూ తెలిసినవారే ఇక్కడి జనం. ఓంకార క్షేత్రానికి పోయి దీపం పెట్టి వచ్చే ప్రతి కుటుంబమూ ఆ అడవి నీడన నడిచినదే. ఆ అడవిలో ఉండే ప్రాణులతో తగవు లేకుండా బతకడం ఎలాగో రేపటి రైతులకు, రేపటి తల్లులకు నేర్పడం జిల్లా అధికారుల బాధ్యత, ఊరి పెద్దల కర్తవ్యం. జిల్లా విద్యాశాఖ, అటవీశాఖ, వైద్యశాఖ అధికారులు ఒకచోట కూర్చుని, సెలవులకు ముందే తేదీలు నిర్ణయించి, కనీసం అడవి అంచున ఉన్న మండలాలలోనైనా ఈ శిబిరాలు ప్రారంభించడానికి తగు చర్యలు తీసుకోవాలి. కాటు పడ్డాక, దాడి జరిగాక పరామర్శకు వచ్చే వాహనాలు, అంతకుముందు ఒక్క ఉదయం బడి ముందు ఆగితే ఆ పరామర్శల అవసరమే తగ్గుతుంది.