కోవాలా ఒక్కదాన్ని కాపాడితే చాలదు

అందరికీ ముద్దొచ్చే జంతువును ఒకదాన్ని కాపాడితే, అదే అడవిలో బతికే చిన్నాచితకా జీవులన్నీ వాటంతటవే గట్టెక్కుతాయన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఆస్ట్రేలియాలో ఆ జంతువు కోవాలా. పిల్లను సంచిలో మోసే ఈ ప్రాణిని 2022లో క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల్లో అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు. 2019-20 కార్చిచ్చులప్పుడు దానికోసం లోకమంతా కన్నీరు పెట్టింది, విరాళాలూ ఇచ్చింది. ఇవ్వాల్సిందే. దానితోపాటు రీజెంట్ హనీఈటర్ కూడా బతికిపోతుందనుకోవడమే నేను ఒప్పుకోలేని మాట.

నలుపూ పసుపూ కలిసిన ఈ పాటల పిట్ట ఒకప్పుడు క్వీన్స్‌ల్యాండ్ నుంచి అడిలైడ్ దాకా గుంపులుగా తిరిగేది. ఇప్పుడు అడవిలో మిగిలినవి దాదాపు మూడు వందలు. రెండూ జామాయిల్ జాతి చెట్లనే నమ్ముకున్నాయి కదా అంటారు. కోవాలాకు కావాల్సింది ఆకు, అది ఏడాది పొడుగునా ఉంటుంది. పిట్టకు కావాల్సింది పూల తేనె. ఆ జాతిలోని ఐరన్‌బార్క్ చెట్లు ఏటా ఒకేలా పూయవు, లేత చెట్టు ముదురు చెట్టంత తేనె ఇవ్వదు. పూత వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు ఎగరాలి. ఆ దారిలో సారమున్న నేలల్లోని అడవిని పొలాల కోసం ఎప్పుడో కొట్టేశారు. మిగిలిన చెట్ల తునకల్లో కోవాలా ఎలాగో నెట్టుకొస్తుంది. అక్కడే నాయిజీ మైనర్ పిట్టలు (మన గోరింకలు కావు, ఇవీ హనీఈటర్లే) గుంపుకట్టి సాటి పిట్టలను తరిమేస్తాయి. ఈ తరిమివేతను ఆ దేశ చట్టం కింద 2014లో పెద్ద ముప్పుగా గుర్తించారు. కోవాలాను పీడించే క్లామిడియాకు టీకా వేస్తే ఈ పిట్టకు ఒరిగేదేమిటి?

పాట సంగతి మరీ ఘోరం. ఈ పిట్టకు పాట పుట్టుకతో రాదు. గూడు విడిచాక పెద్ద మగపిట్టలు పాడుతుంటే విని నేర్చుకోవాలి. పాడే పెద్దలే కరువయ్యారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన రాస్ క్రేట్స్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మగపిట్టల్లో దాదాపు 12 శాతం సొంత పాట రాక వేరే జాతుల పాటలు పాడుతున్నాయని తేలింది. తేడా పాటలు పాడే మగపిట్టలకు జోడు దొరకడమూ తక్కువే. చెట్లు ఎన్ని నాటినా ఈ లోటు తీరదు. సిడ్నీలోని టరోంగా జూ 1995 నుంచి ఈ పిట్టలను పెంచి, ఇప్పుడు పిల్లలకు అడవి పాట వినిపించి నేర్పిస్తోంది. ఆ పాఠానికీ, ఈ పిట్టలు గూళ్లు కట్టే కేపర్టీ లోయలో ముదురు చెట్ల కాపలాకూ, గూళ్ల దగ్గర మైనర్ల అదుపుకూ ఈ పిట్ట పేరుమీదే, విడిగా డబ్బు కేటాయించాలి.