దారి మార్చుకునే వరద

అంగోలా కొండల్లో నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వానలే ఒకవాంగో నదికి వరద. సముద్రాన్ని చేరని ఈ నది ఉత్తర బోట్స్వానాలో, కలహారి ఇసుక మీద డెల్టాగా విచ్చుకుంటుంది. నేల దాదాపు చదును కావడంతో నీరు మెల్లగా సాగుతుంది. దిగువనున్న మౌన్ పట్టణానికి నీరు వచ్చేసరికి జూన్, జూలై అవుతుంది. అక్కడ అప్పుడు వాన జాడలేని చలికాలం.

వరద ఎప్పుడూ ఒకే దారిన రాదు. మోసుకొచ్చిన ఇసుక పాయల అడుగున మేట వేస్తుంది. తెగి తేలివచ్చిన పపైరస్ జమ్ము అడ్డుపడుతుంది. పాయ పూడగానే నీరు పక్కకు పొర్లుతుంది. నీటిగుర్రాలు తొక్కిన బాటలే ఒక్కోసారి కొత్త కాలువలవుతాయి.

ఈ దారి మార్పు దెబ్బ గట్టిగా తగిలేది నైరుతి అంచునున్న ఎన్గామి సరస్సుకు. 1849లో అన్వేషకుడు లివింగ్‌స్టన్ చూసినప్పుడు అది విశాల జలాశయం. ఆ శతాబ్ది చివరికల్లా దాన్ని నింపే థావోగే పాయ పూడుకుపోయింది. అప్పటి నుంచి సరస్సు ఎండుతూ, నిండుతూ ఉంది. 2009 తర్వాతి పెద్ద వరదలకు నిండి చేపలవేటకు నెలవైంది. 2019 కరవులో అడుగంటింది; నీటికోసం దిగిన పశువులు బురదలో కూరుకుపోయాయి.

ఇక్కడి రైతులకు వరద రావడమెంత ముఖ్యమో తీయడమూ అంతే ముఖ్యం. నీరు వెనక్కి తగ్గిన తడినేలలోనే వారు మొక్కజొన్న, జొన్న విత్తుతారు.