కెమెరా మన గేటును చూడాలి, ఎదురింటి గుమ్మాన్ని కాదు



వచ్చే సర్వసభ్య సమావేశానికి సర్క్యులర్ అందింది. అందులో నాలుగో తీర్మానం చదివారా? పెరంబూరు చుట్టుపక్కల ఉన్న సభ్యుల ఇళ్ళన్నిటికీ ఒకే రకం కెమెరాలు హోల్‌సేల్ ధరకు సంఘం కొని ఇప్పిస్తుందట. ఇంటి బయట బిగించి, అన్ని ఇళ్ళ బొమ్మలూ కమిటీవాళ్ళ ఫోన్లలో కనబడేటట్టు చేస్తారట. "మన భద్రత మన చేతిలో" అని పైన పెద్ద అక్షరాలు.

మేము దీనికి ఒప్పుకోము. మేము అంటే మా ఇంట్లో ఇద్దరం, మాతో ఏకీభవించిన రిటైర్డ్ రైల్వేవాళ్ళు నలుగురు. కెమెరా వద్దని కాదు. మా గేటు మీద ఇప్పుడు కూడా ఒకటుంది. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, దేన్ని చూడాలి, ఎవరు చూడాలి అన్న నాలుగు ప్రశ్నలూ వదిలేసి ధర ఒక్కటే మాట్లాడుతున్నారు, అదీ మా తగాదా.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. అప్పుడే మిగతా మాటలకు అర్హత వస్తుంది.

మా అబ్బాయి మూడేళ్ళ కిందట మేడ పిట్టగోడకు కెమెరా పెట్టించాడు. వీధి మొత్తం కనబడుతుంది, ఈ చివర వినాయకుడి గుడి దాకా. మేము మురిసిపోయాం. సాయంత్రాలు సీరియల్ మానేసి అదే చూసేవాళ్ళం. ఒక తెల్లవారుజామున గేటు లోపలున్న మా స్కూటర్ పోయింది. పోలీస్ స్టేషనుకు రికార్డు పట్టుకెళ్ళాం. ఎస్సైగారు రెండు నిమిషాలు చూసి, "అయ్యా, ఎదురింటివాళ్ళ ముగ్గులో చుక్కలు లెక్కపెట్టవచ్చు. మీ బండి ఎక్కడ?" అన్నారు. బండి బొమ్మలో కిందమూల ఉంది. దొంగ హెల్మెట్ నడినెత్తి కనబడింది. ముఖం లేదు, నంబరు లేదు.

మన సొమ్ము మూలన, పరాయి గుమ్మం నడిమధ్యన. మూడేళ్ళు మా కెమెరా కాపలా కాసింది ఎవరినో అప్పుడు అర్థమయింది.

అదే నెలలో రెండోది జరిగింది. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ వీధిలోనే ఇంకో సభ్యుడి కెమెరాలోంచి ఒక ముక్క మన గ్రూపులోకి వచ్చింది. రాత్రి 12:40కి ఒక ఆడపిల్ల కారు దిగి ఇంట్లోకి వెళ్ళడం. అంతే, అందులో ఇంకేమీ లేదు. కింద ఒకరు "ఇది మన తెలుగింటి పద్ధతేనా" అని రాశారు. తర్వాత బొటనవేళ్ళు, నవ్వు బొమ్మలు. ఆ పిల్ల ఓఎంఆర్‌లో కంపెనీలో సెకండ్ షిఫ్ట్ చేస్తుంది. ఆ కారు కంపెనీ క్యాబ్. వాళ్ళ నాన్న లేరు, ఆ జీతం మీదే ఇల్లు నడుస్తుంది. ఇవన్నీ అక్కడ బొటనవేలు పెట్టినవాళ్ళకూ తెలుసు.

మేమూ చూశాం ఆ ముక్కను. "తీసెయ్యండి" అని ఒక్క మాట రాయలేదు. పెద్దవాళ్ళం, మనకెందుకులే అనుకున్నాం. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. మా ఇంటావిడతో ఒక్కటే అడిగింది: "అక్కా, మీ కెమెరా కూడా మా గుమ్మమే చూస్తుందంట గదా?"

మా దగ్గర సమాధానం లేదు.

ఆ పిల్ల ఆదివారాలు మన హాల్లో తెలుగు క్లాసు చెప్పేది. పదిమంది పిల్లలు, వాళ్ళ వెనక బెంచీలో మాలాంటి ముసలివాళ్ళు. మేము తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడాం గానీ అక్షరం రాదు. 58 ఏళ్ళ వయసులో ఒత్తులు దిద్దించింది ఆ పిల్లే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ రాత ఆమె పెట్టిన భిక్ష. ఆ క్లాసు ఆగిపోయి ఎన్ని నెలలయిందో కమిటీ మినిట్స్‌లో చూసుకోండి. "టీచరు వీలుకాక" అని రాసి ఉంది. వీలుకాక కాదు. మనమే వెళ్ళగొట్టాం.

కంచే చేను మేస్తే అంటారే, అది ఇదే.

ఇప్పుడు తీర్మానం వాళ్ళ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, "పోలీసులే పెట్టమన్నారు కదా." నిజమే. కొన్నేళ్ళ కిందట చెన్నై పోలీసులు "మూన్రావదు కణ్" అని, అంటే మూడో కన్ను అని, ఊరంతా కెమెరాలు పెట్టించారు. దుకాణాలకు, ఇళ్ళకు కూడా చెప్పారు. రోడ్డు మీద గొలుసు తెంపేవాడు దొరకాలని చెప్పారు. ఎవరి ఆడపిల్ల ఎన్నింటికి వచ్చిందో గ్రూపులో పెట్టమని చెప్పలేదు. శివుడి మూడో కన్నయినా ఎప్పుడూ తెరిచి ఉండదు గదా!

రెండోది, "తప్పు చేయనివాడికి భయమెందుకు?" ఈ మాట అన్నవాళ్ళు తమ ఇంటి వాకిలిని మా ఫోన్‌లో చూపించడానికి ఒప్పుకుంటారా? ఎవరు అప్పు అడగడానికి వచ్చారు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు, పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ తెలుస్తాయి. ఇందులో ఏదీ తప్పు కాదు. అయినా పదిమందికీ చెప్పుకునేది కాదు. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చారు. 2025లో కలకత్తా హైకోర్టు, ఒకే ఇంట్లో కలిసి ఉన్న అన్నదమ్ముల మధ్య కూడా రెండోవాడి సమ్మతి లేకుండా వాళ్ళుండే భాగంలో కెమెరాలు నడపకూడదని చెప్పింది. అన్నదమ్ములకే అలా ఉంటే ఎదురింటివాళ్ళకు మనమెవరం?

ఇంకొకటి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, మనిషి తన సొంత ఇంటి అవసరానికి చేసుకునేదాన్ని వదిలేసింది. సంఘం అందరి ఇళ్ళ బొమ్మలు పోగుచేస్తే అది ఇంటి పని అవుతుందా? కమిటీలో వకీళ్ళున్నారు. సమావేశంలో వాళ్ళు లేచి ఇది చెప్పాలి.

మూడోది, "కెమెరా ఉంటే దొంగ రాడు." దీనికి మా ఉద్యోగంలోంచి జవాబు చెబుతాం. గూడ్స్ షెడ్డులో వ్యాగనుకు సీలు వేస్తారు. పిడికిట్లో పట్టేంత వస్తువు, కటింగ్ ప్లేయరుతో క్షణంలో తెగుతుంది. అది దొంగను ఆపదు. మరి ఎందుకు? సరుకు చేతులు మారిన ప్రతిచోటా గుమాస్తా సీలు చూసి, సరిగా ఉందని పుస్తకంలో రాసి, టైము వేసి, సంతకం పెట్టాలి. అప్పుడు పోయింది ఎక్కడ పోయిందో తెలుస్తుంది. ఎవరూ చూడని సీలు ఉత్త తగరం ముక్క. కెమెరా కూడా అంతే. నెలకోసారి చూడని కెమెరా గోడకు వేలాడే దిష్టిబొమ్మ.

మాలో ఒకాయన సంగతి వినండి. ఆరు రోజులు నెల్లూరు పెళ్ళికి వెళ్ళారు. మొదటి రాత్రే పెరటి తలుపు తీసి ఇత్తడి అండాలు ఎత్తుకుపోయారు. తిరిగొచ్చి కెమెరా చూస్తే చివరి మూడు రోజులే ఉన్నాయి. కార్డు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఆ లెక్క కొనేముందే వేసుకోవచ్చు. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు సుమారు రెండు మెగాబిట్లు రాస్తే రోజుకు 21 జీబీ దాటుతుంది. 64 జీబీ కార్డు మూడు రోజులు. నాలుగు కెమెరాలకు ఒక టీబీ డిస్కు పెడితే పదకొండు రోజులు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ కుక్క ఆరో రోజుకే మరిచిపోయింది.

ఇక కొనే సంగతి. హోల్‌సేల్‌లో ఒకే రకం కొంటామంటున్నారు. ఒకే సైజు చెప్పులు అందరికీ కొంటామా?

షాపువాడు మెగాపిక్సెల్ చెబుతాడు. మీరు లెన్సు అడగండి. 2.8 మిల్లీమీటరు, 4 మిల్లీమీటరు, 6 మిల్లీమీటరు అని ఉంటాయి. అంకె తక్కువయ్యే కొద్దీ వెడల్పుగా చూస్తుంది, మనుషులు చిన్నగా కనబడతారు. ముఖం గుర్తుపట్టాలంటే బొమ్మలో ఒక మీటరు వెడల్పుకు 250 చుక్కలు ఉండాలని ఒక కొలత. రెండు మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. అంటే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటితే ముఖం చెదురుతుంది. 2.8 లెన్సుతో ఆ హద్దు సుమారు మూడు మీటర్లలోనే వస్తుంది. 4 లెన్సుతో నాలుగున్నర. కాబట్టి వీధంతా చూసే కెమెరా ఎవరి ముఖాన్నీ సరిగా చూడదు. మన గేటును మాత్రమే చూసేది మన దొంగను పట్టిస్తుంది. చూశారా, పక్కవాళ్ళ మర్యాద కాపాడే కెమెరాయే మన సొమ్మునూ కాపాడుతుంది. రెండూ ఒకే పని.

ఎత్తు ఎనిమిది తొమ్మిది అడుగులు చాలు. మా మాదిరి పిట్టగోడకు పెడితే పాపిళ్ళు, బట్టతలలు, హెల్మెట్లే. పొద్దుటెండ ఎదురుగా కొట్టే దిక్కుకు తిప్పవద్దు. సన్‌షేడ్‌కు, తెల్ల గోడకు మరీ ఆనించి పెడితే రాత్రి కెమెరా వెలుగు అక్కడే కొట్టుకుని బొమ్మంతా పొగమంచు. ఆ వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి గూడు కడుతుంది. నెలకోసారి పాతగుడ్డతో తుడవాలి. బయట పెట్టేదానికి ఐపీ66 అయినా ఉందో లేదో పెట్టె మీద చూడండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కరెంటు పోయినప్పుడు కెమెరాలన్నీ కళ్ళు మూశాయి. చిన్న యూపీఎస్ లేకపోతే చీకటి రాత్రే అది పనిచేయదు.

గడియారం. రైల్వేవాళ్ళం కాబట్టి దీన్ని గట్టిగా చెబుతాం. కరెంటు పోయి వచ్చాక కొన్ని పెట్టెల్లో తేదీ ఎక్కడికో వెళ్ళిపోతుంది. టైము తప్పిన రికార్డు తప్పుడు సాక్షి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో కూడా, ఇలాంటి రికార్డు కోర్టుకు ఇవ్వాలంటే అది ఏ యంత్రంలోంచి, ఎలా వచ్చిందో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్‌తో టీవీని వీడియో తీసి గ్రూపులో పెడితే ఊరికి వినోదం, కోర్టుకు కాగితం ముక్క కాదు.

పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లో, ఇలాంటి పెట్టెల్లో దూరింది. ఎలా? కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు కాబట్టి. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు వాటితోనే కూలబడ్డాయి. మన ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. తీర్మానంలో చెప్పిన సరుకు ఆ పరీక్ష పాసయిందా, గోడౌన్‌లో మిగిలిపోయిన పాతదా? ధర అంత తక్కువెందుకో కమిటీ చెప్పాలి. బిగించే కుర్రాడు అందరి ఇళ్ళకూ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళిపోతే, ఒక ఇంటి తాళంతో వందిళ్ళు తెరిచినట్టు.

"అలా ఏమీ జరగదు, కమిటీవాళ్ళు మనవాళ్ళే కదా" అంటారు. ఆ ముక్క గ్రూపులో పెట్టిన సభ్యుడూ మనవాడే. బొటనవేళ్ళు పెట్టినవాళ్ళూ మనవాళ్ళే. చూసి నోరు మూసుకున్న మేమూ మనవాళ్ళమే.

మూడు నాలుగు తరాలుగా తమిళనాట ఉన్నాం. సంఘం ఎందుకు పెట్టుకున్నారు మన తాతలు? ఒకరింటి కష్టానికి ఒకరు నిలబడాలని, మాట మరిచిపోకుండా ఉండాలని. ఒకరి గుమ్మం ఒకరు ఫోన్‌లో చూడాలని కాదు.

అందుకని నాలుగో తీర్మానానికి బదులు మేము ఇవి పెడుతున్నాం.

ఒకటి, కెమెరా కావలసినవాళ్ళు ఎవరి ఇంటికి తగినది వాళ్ళు కొనుక్కోవాలి. లెన్సు, ఎత్తు చూసి చెప్పడానికి మేము ఆరుగురం ఇంటికి వచ్చి సాయం చేస్తాం, కాఫీ చాలు.

రెండు, ఏ సభ్యుడి కెమెరా అయినా తన గేటును, తన బండిని, తన గోడను చూడాలి. ఎదురింటి గుమ్మం, కిటికీ, మిద్దె బొమ్మలో పడితే కెమెరా తిప్పాలి. కుదరకపోతే ఆ భాగాన్ని నల్లగా మూసే సౌకర్యం చాలా కెమెరాల్లోనే ఉంటుంది. బిగించాక ఎదురింటివాళ్ళను పిలిచి బొమ్మ చూపించాలి.

మూడు, రికార్డు పోలీసులకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. గ్రూపులో పెట్టినవాళ్ళను అడ్మిన్ ఆ రోజే తీసెయ్యాలి.

నాలుగు, కమిటీ ఫోన్లలో ఏ ఇంటి బొమ్మా కనబడకూడదు.

అయిదోది తీర్మానం కాదు. సంఘం తరఫున నలుగురు పెద్దవాళ్ళం ఆ ఇంటికి వెళ్ళి ఆ తల్లీకూతుళ్ళకు క్షమాపణ చెప్పాలి. ఎవరూ రాకపోయినా మేమిద్దరం వెళ్తాం. మా కెమెరాను ఇప్పటికే కిందికి దించి గేటు స్తంభానికి మార్చాం. వాళ్ళ గుమ్మం ఇప్పుడు అందులో కనబడదు. ఫోన్ తీసుకెళ్ళి అది చూపిస్తాం.

మా తెలుగులో తప్పులుంటే మన్నించండి. దిద్దేవాళ్ళు ఇప్పుడు లేరు.