చిటికెడుకు ఏమైతది?

పెళ్లి మనోహరాబాద్‌లో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక ఫంక్షన్ హాల్లో. వెనక రేకుల షెడ్డులో వంటలు. మా అక్క నేరుగా అక్కడికే పోయి వంటమాస్టరును అడిగింది: "అన్నా, వంకాయ సాలన్‌ల ఇంగువ వేసిండ్రా? మా బిడ్డకు పడది." ఆయన మంచి మనిషి, విసుక్కోలేదు. "చిటికెడే అక్కా. ఇంత పెద్ద గంజుల చిటికెడుకు ఏమైతది?" అన్నాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక పెద్దమ్మ ఇంకో మాట కలిపింది: "అన్నం తినేటోళ్లకు గోధుమల జబ్బేంది బిడ్డా? ఇవన్నీ పట్నం రోగాలు."

ఈ రెండు మాటలూ మన ఇళ్లలో, హోటళ్లలో, కొన్నిసార్లు దవాఖానాల్లో కూడా వినబడేవే. గ్లూటెన్ పడకపోవడం ఉత్తరాది వాళ్ల సమస్య, పాలు మానడం డబ్బున్నోళ్ల సరదా, మన కూరల్లో గోధుమే లేదు కాబట్టి మనకు భయం లేదు. ఇదీ నలుగురి నమ్మకం. ఇది తప్పని, ఈ తప్పు పిల్లల ఒంటి మీద పడుతోందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా అక్క కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పదో తరగతిలో ఉన్నప్పుడు ఎంతకూ రక్తం పెరగలేదు. ఐరన్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు అయిపోయాయి. చదువు ఒత్తిడి అన్నారు ఒక డాక్టరు. తిండి సరిగ్గా తినదన్నారు ఇంకొకరు. మూడో ఆయన టీటీజీ అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ చేయించి సీలియాక్ అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ లోపలికి పోతే ఒంటి రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపల తివాచీ నూలులా లేచి ఉండే సన్నని మొలకలు అరిగి చదునవుతాయి. తిన్నది ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు, గ్లూటెన్ మానడమే వైద్యం. అనుమానం ఉన్నవాళ్లు పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే రక్తంలో ఆ జాడ తగ్గిపోయి జబ్బు బయటపడదు.

దీన్ని ఎవరో వ్యాపారం కోసం పుట్టించలేదు. విలెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న ముడిని పట్టుకున్నాడు. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి రొట్టె దొరకని రోజుల్లో ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు మెరుగుపడ్డారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో ఉట్రెక్ట్‌లో ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసం ఈ ముడి గురించే. గ్లూటెన్ ఫ్రీ అన్న మాట మన షాపుల్లోకి రావడానికి అది ఎంత ముందో చూడండి.

అన్నం తినేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించింది. ఉత్తరాదిలో నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ మందిలో సీలియాక్ యాంటీబాడీలు కనబడితే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలోనే కనబడ్డాయి. పెద్దమ్మ మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. కానీ అదే అధ్యయనం ఈ జబ్బుకు వీలు కల్పించే జన్యువులు మూడు చోట్లా దాదాపు సమానంగా, మూడో వంతు మందిలో ఉన్నాయని కూడా చూపింది. తేడా చాలావరకు కంచంలో ఉన్నట్టుంది. ఉత్తరాదిలో మనిషికి రోజుకు సుమారు 455 గ్రాముల గోధుమ, దక్షిణాదిలో 25. మన నెత్తురు వేరు కాదు, మన తిండి వేరుగా ఉండేది, అంతే.

ఆ తిండి ఇప్పుడు మారింది. మనోహరాబాద్‌నే చూడండి. 2016లో మండలమైంది. కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి దిక్కు ఫ్యాక్టరీలు లేచాయి. 2023లో ఈ మండలంలోనే ఐటీసీ తన పెద్ద ఆహార కర్మాగారాన్ని ప్రారంభించింది, గోధుమపిండి, బిస్కెట్లు, నూడుల్స్ తయారీకి. బిహార్ నుంచి పనికొచ్చినవాళ్ల కోసం రోడ్డు పొడవునా రొట్టెల దుకాణాలు వెలిశాయి. అది వాళ్ల తిండి, తప్పేమీ లేదు. మన ఇళ్లలోనూ షుగర్ వచ్చిన పెద్దవాళ్లు రాత్రికి చపాతీకి మారారు, పిల్లల డబ్బాలో నూడుల్స్, పొద్దున బిస్కెట్. ఇంత గోధుమ తింటూ, మనది అన్నం తినే జాతి కాబట్టి ఈ జబ్బు రాదనడం తాతల కంచం చూపించి మనవరాలి ఆకలి కొలవడమే.

ఇక పాల సంగతి. పేగు మొలకలు అరిగినప్పుడు పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ కూడా తగ్గిపోతుంది. సీలియాక్ కొత్తగా తేలిన చాలామందికి కొంతకాలం పాలు పడవు. మా పిల్ల పాలు మానింది అందుకే. వాళ్ల ఇంట్లో మాంసం ఎప్పుడూ లేదు. కాబట్టి ఆమెకు కావలసింది పాలు, నెయ్యి, క్రీమ్, గోధుమ ఏవీ లేని కూర. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి "ఇదుగో ఇది శాకాహారమే" అని ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ చుక్క పాలకు అడ్డం చెప్పదు, గోధుమకూ చెప్పదు. జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేదని చెప్పే వీగన్ గుర్తుకు 2022లో వేరే నిబంధనలు వచ్చాయి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది మరో హద్దు. ఇవి మూడూ వేర్వేరు. చుక్క ఒక్కటే చూసి వడ్డించేస్తే నడవదు.

అట్లాంటి కూరకు చిక్కదనం ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. దాబాల్లో గ్రేవీ అంటే వెన్న, క్రీమ్, చివర్లో చిక్కబడేందుకు కలిపే పిండి. అవి లేకపోతే నీళ్ల కూరే గతి అన్న నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, చదువుకున్నవాళ్లు కూడా దూరదేశపు గమ్ పొడులు, బాదం పాలు తెప్పించుకుంటున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మైదా కలిపితే కూర చిక్కబడేది గ్లూటెన్ వల్ల కాదు, అందులోని గంజి పదార్థం వల్ల. వేడికి ఆ గంజి రవ్వలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, పులుసు చిక్కనవుతుంది. ఆ పని బియ్యప్పిండి చేస్తుంది, మక్కపిండి చేస్తుంది, శనగపిండి చేస్తుంది. గ్లూటెన్ పని రొట్టెకు సాగుడు ఇవ్వడం. గ్రేవీలో దానికి పనే లేదు. కాబట్టి అది తీసేస్తే గ్రేవీకి తగ్గేది ఏమీ లేదు.

మన దగ్గర సాలన్ ఉంది, బగారా బైంగన్ ఉంది. నువ్వులు, పల్లీలు, కుడుక. మూడూ విడివిడిగా, సన్నటి సెగ మీద వేయించాలి. కలిపి వేయిస్తే పల్లీ వేగేలోపు నువ్వు మాడి చేదెక్కుతుంది. చల్లారాక చింతపండు రసం పోస్తూ వెన్నలా నూరాలి. ఇంకో గంజులో ఉల్లిగడ్డను తొందరపడకుండా ఎర్రబడేదాకా వేయించాలి. కూరకు లోతు వచ్చేది ఇక్కడే, ఏ ప్యాకెట్ పొడీ దీనికి సాటి రాదు. అల్లం ఎల్లిగడ్డ, మిరప్పొడి, ధనియాలు, తర్వాత నూరిన ముద్ద. అంచుల్లో నూనె తేలేదాకా కదుపుతూ ఉండాలి. ముద్దలోని నూనె, పులుపు, గంజి ఒకదాన్నొకటి పట్టుకుని గరిటె వెనక నిలిచేంత చిక్కదనం ఇస్తాయి. పాలచుక్క లేదు, గోధుమ రవ్వ లేదు. హైదరాబాద్ విందుల్లో బిర్యానీ పక్కన ఎన్నో ఏళ్లుగా ఉన్నదీ ఇదే. పల్లీ, నువ్వు పడనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు పిట్ల ఉంది: శనగపిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పోపు మీద పోసి కదపాలి. వేడి నీళ్లలో వేస్తే ఉండకట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. జహీరాబాద్ దిక్కు జొన్నరొట్టె, పిట్ల తిన్నవాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ఆ నేల ఉమ్మడి మెదక్ జిల్లాదే. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు కాపాడుకున్న జొన్న, సజ్జ, కొర్ర విత్తనాల్లో దేనిలోనూ గ్లూటెన్ లేదు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రపంచం మెచ్చిన గింజ మన పక్కనే ఉంటే, మనం గమ్ పొడి కోసం వెతుకుతున్నాం.

చిక్కదనంలో లేని ప్రమాదం పోపులో ఉంది. ఇంగువ అనేది ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకట్టిన జిగురు. ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తుంది. మన దేశంలో మొదటి మొక్కను పాలంపూర్ శాస్త్రవేత్తలు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో 2020 అక్టోబర్ 15న నాటారు. ఆ పంట కిరాణా కొట్టుదాకా రావడానికి ఇంకా చాలాకాలం ఉంది. అసలు జిగురు ఘాటు భరించలేం, దాన్ని దేనితోనైనా పలచన చేయాలి. తుమ్మజిగురుతో పాటు ధాన్యపు పిండి కలపడానికి మన ప్రమాణాలు అనుమతిస్తాయి. ఎన్నో డబ్బాల్లో ఆ పిండి గోధుమదే. ముద్ద ఇంగువ అయితే స్వచ్ఛమని నమ్మడం కూడా తప్పు, ముద్దలోనూ పిండి ఉండవచ్చు. ఇది దొంగతనం కాదు, కల్తీ కాదు. డబ్బా వెనక రాసే ఉంటుంది. ప్యాకెట్ మీద గోధుమ, పాలు, సోయా వంటివి ఉంటే చెప్పి తీరాలన్నది నిబంధన. మనమే చదవం.

చిటికెడుకు ఏమవుతుందో లెక్క వేద్దాం. గోధుమపిండిలో సుమారు పదోవంతు గ్లూటెన్. పోపులో పడ్డ ఇంగువలో పావు గ్రాము గోధుమపిండి ఉంటే 25 మిల్లీగ్రాముల గ్లూటెన్. నలుగురు తిన్న కూరలో ఒక్కొక్కరికి ఆరు. ఇంతే అయితే వంటమాస్టరు మాటే నిజం. కానీ మన ఇంట్లో పప్పులో, చారులో, తొక్కులో, మజ్జిగ పులుసులో కూడా అదే డబ్బా. ఐదు వంటలకు ముప్పై. రోజుకు పది మిల్లీగ్రాముల లోపు అయితే చాలామంది సీలియాక్ రోగులు తట్టుకుంటారంటారు. రోజుకు 50 చొప్పున మూడు నెలలు ఇస్తే పేగు మొలకలు అరిగాయని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. చిటికెలు ఇంటింటికీ మారతాయి, నాది ఉజ్జాయింపే. కానీ ఏ లెక్కన చూసినా అది సున్నా కాదు.

మా ఇంట్లో చపాతీ బందయి ఎనిమిది నెలలైనా పిల్ల రక్తపరీక్ష అంకె దిగాల్సినంత దిగలేదు. ఒక డైటీషియన్ పోపుల డబ్బా పట్టుకురమ్మన్నారు. ఇంగువ డబ్బా తిప్పి చూపించారు. ఆ రోజు మా అక్క మొహం నాకు ఇంకా గుర్తుంది, తన చేతితోనే రోజూ వేసింది కదా. ఇంగువతో పాటు గిర్ని కూడా మార్చాం. గోధుమలు పట్టిన గిర్నిలోనే వెంటనే జొన్నలు పోస్తే రాళ్ల మధ్య మిగిలినది జొన్నపిండిలోకి వస్తుంది. కిలో పిండిలో 200 మిల్లీగ్రాముల గోధుమపిండి చేరినా ఆ 20 హద్దుకు వచ్చినట్టే. అది కూడా చిటికెడే. ఇప్పుడు జొన్నలు, శనగపప్పు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టుకుంటున్నాం. ఆ తర్వాత అంకె దిగింది. ఇంగువ వల్ల ఎంత, గిర్ని వల్ల ఎంత అని నేను విడదీసి చెప్పలేను.

రుచి కోసం వేసేవాటి గురించి మన భయాలు కూడా తారుమారయ్యాయి. అజినొమొటో పేరు వింటే ఉలిక్కిపడతాం. అది 1908లో కికునే ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి వేరుచేసిన రుచి. మాగిన టమాటాలో, పుట్టగొడుగులో ఉండేదీ అదే గ్లుటమేట్. పేరు దగ్గరగా ఉన్నా గ్లూటెన్‌కూ దానికీ సంబంధం లేదు. దాన్ని చూసి భయపడే ఇంట్లోనే సోయా సాస్ ధారాళంగా పోస్తారు. సోయా సాస్ మామూలుగా గోధుమ కలిపి పులియబెట్టేది. మంచూరియా గ్రేవీ మక్కపిండితోనే చిక్కబడుతుంది, గోధుమ దానిలోకి దొంగచాటుగా వచ్చేది ఆ సీసా నుంచి. సూప్ గడ్డల్లో, మసాలా ప్యాకెట్లలో హైడ్రొలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్ అని ఉంటే ఆ ప్రొటీన్ సోయాదో గోధుమదో చూడాలి. మిల్క్ సాలిడ్స్ కూడా వాటిలోనే దాక్కుంటాయి. ఇవేవీ లేకుండా కూరకు వాసన రాదా? ఎల్లిగడ్డను నూనెలో ఎర్రగా వేయించండి, నాలుగు మెంతులు, జీలకర్ర, కొంచెం దగడ పువ్వు వేయండి. ఇంగువే కావాలంటే బియ్యప్పిండితో చేసినవి దొరుకుతున్నాయి, వెనక చదివి కొనండి.

వందలమందికి వండేచోట ఒక్క పిల్ల కోసం ఇదంతా ఎట్లా కుదురుతుందని అడుగుతారు. రెండో వంట అక్కర్లేదు. పోపు పెట్టకముందు ఒక గిన్నెడు పక్కకు తీయాలి, దానికి వేరే గరిటె ఉంచాలి. అంతే పని.

ఆ రోజు వంటమాస్టరుకు మా అక్క ఇదే చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుని ఇంగువ డబ్బా తెప్పించి, వెలుతురులోకి పట్టుకుని చదివాడు. "ఇండ్ల గోధుమపిండి అని రాసున్నది గదా" అన్నాడు. సాలన్‌కు నూరిపెట్టిన ముద్ద ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాన్ని చిన్న గంజులోకి తీసి, ఎల్లిగడ్డతో వేరేగా పోపు పెట్టమని పిలగానికి చెప్పాడు. మేము కదలబోతుంటే వెనక నుంచి పిలిచాడు. "అక్కా, పప్పుల సుత వేసిన. చారుల, మామిడికాయ తొక్కుల సుత వేసిన," అని వేళ్ల మీద లెక్కపెడుతూ. "అవి పిల్లకు పెట్టకుండ్రి."