తలకు దెబ్బ - కంటికి చిక్కు



ఐదు మాసములుగా ఈ పుటలో నా వ్రాత లేకపోవుటకు కారణమేమని పలువురు అడిగిరి. కొందఱు నేను పుట్టింటికి పోయితిననుకొనిరి. ఒకరు పురుడేమోయని కూడ వ్రాసిరి. అదేమియు గాదు. నాకు అక్షరములు కనబడుచునేయుండెను గాని నిలుచుండలేదు. ఆ సంగతియే ఈ మాసము విన్నవింతును. ఇట్టి బాధ పడుచు, దానికి పేరు తెలియక, ఇంటివారిచేత సోమరియనిపించుకొనుచున్నవారు మనలో నుందురని నాకు తోచుచున్నది.

ముక్కనుమ నాడు మోండా మార్కెట్టులో కూరలు కొని, మావారి స్కూటరు వెనుక ఒక ప్రక్కకు కూర్చుండి మారేడుపల్లికి వచ్చుచుండగా, రంగు వేయని స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరినది. నేను వెనుకకు పడితిని. తలలో పూలు నలుగునని హెల్మెట్టు పెట్టుకొనలేదు. వెనుక కూర్చున్నవారును దానిని ధరింపవలెనని చట్టమున నున్నట్లు బడిపంతులుగారి భార్యకు తెలియకపోలేదు. తప్పు నాదే. కుడిచెవి పైభాగమున దెబ్బ తగిలినది. స్పృహ తప్పలేదు. చెదరిన చిక్కుడుకాయలు ఏరుడని మావారితో అంటినట. ఆ మాట నాకు నేటికిని జ్ఞాపకము లేదు.

ఆసుపత్రిలో స్కాను తీసి, ఎముక విరుగలేదు, లోపల రక్తస్రావము లేదు, రెండు దినములు విశ్రమింపుడని పంపిరి. అది నిజమే. కాని వైద్యులు కంకషనను స్థితి మామూలు స్కానులో కనబడదు. తల గట్టిగా కుదిపినప్పుడు మెదడు కపాలములో నూగి, నరముల పని కొంతకాలము తారుమారగును. తోడుపెట్టిన కుండను కదిపినచో కుండ పగులదుగాని పెరుగు సరిగా తోడుకొనదు చూడుడు, అట్టిది. చాలమందికి కొలది వారములలో సర్దుకొనును. చీకటిగదిలో వారములకొలది పడుకొనబెట్టు పద్ధతి ఇప్పుడు లేదు. ఒకటి రెండు దినముల విశ్రాంతి పిదప మెల్లమెల్లగా పనులలోనికి దిగుమనుచున్నారు. అయితే దెబ్బ తగిలినపిమ్మట వాంతులు, అంతకంతకు హెచ్చు తలనొప్పి, లేపినను లేవని మగత, మూర్ఛ, కనుపాపలలో ఒకటి పెద్దదగుట, మాట తడబడుట - వీనిలో ఏది కనబడినను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి పోవలయును.

నాకు వెలుతురు సైపకపోవుట మొదటివారముతోనే తగ్గినది. తగ్గనిది చదువు. ఉదయము పోతనగారి భాగవతము తెఱచుట మా నాయనగారు నేర్పిన చిన్ననాటి యలవాటు. రెండవ పాదమునకు వచ్చునప్పటికి అక్షరములు ఒకదానిపై నొకటి యెక్కును. ఒత్తులు ప్రక్క అక్షరము క్రిందికి జరుగును. వ్యాకరణము విధింపనిచోట నెల్ల ద్విత్వము వచ్చును. మూడవ పాదమునకు కడుపులో త్రిప్పును. దారమెక్కింపబోయిన సూదులు రెండు. చేటలో బియ్యము ఏరుట పది నిమిషములు సాగదు. మార్కెట్టులో ఇరుప్రక్కల కూరల కుప్పలు, నడుమ జనము కదలుచుండగా కాలిక్రింది నేల పడవవలె ఊగును.

అత్తగారు దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పులో వేసిరి. ఆమె ప్రేమను నేను తప్పుపట్టను. దిష్టి యనగా దృష్టియే గదా, ఒకవిధముగా రోగనిర్ణయము సరియైనదే. ఇతర బంధువులు మాత్రము, "స్కానులో ఏమియు లేదనిరి గదా, ఇంకను ఈ మూలుగులేమి?" యనిరి. నెల గడచినపిదప నాకే నామీద అనుమానము కలిగినది. పని తప్పించుకొనుటకు నా మనస్సే ఈ నాటకమాడుచున్నదాయని రాత్రులు ఆలోచించితిని.

ఒకనాడు కంటిలో నలక పడగా, ఆ కన్ను మూసికొని పంచాంగము చూచితిని. అక్షరములు కదలలేదు! రెండుకన్నులు తెఱచితిని, మరల రెండయ్యెను. ఇది గుర్తుంచుకొనదగినది. ఒక కన్ను మూసినంతనే జంటరూపము పోయినచో చిక్కు కన్నుల జతలో నున్నది. ఒంటికంటితోను రెండుగానే కనబడినచో తఱచుగా ఆ కంటిలోనే దోషముండును.

కంటివైద్యురాలు ముందు గోడమీది పలక చదివించెను. రెండుకన్నులకును చివరి వరుసదాక చూపు కలదు. పలకతోనే సరిపుచ్చినయెడల నా కథ అక్కడనే ముగిసియుండెడిది. ఆమె ఒక పుల్లను నా ముక్కువైపు మెల్లగా తెచ్చుచు, రెండైనప్పుడు చెప్పుమనెను. సాధారణముగా ఆరు సెంటీమీటర్ల దాపునకు వచ్చువఱకు అది ఒకటిగానే యుండవలెనట. నాకు జానెడు దూరముననే రెండైనది. దగ్గఱి వస్తువును చూచునప్పుడు కన్నులు రెండును లోపలికి తిరిగి ఒకేచోట కలియవలెను, దీనిని అభిసరణమందురు. పండ్రెండు కండరములు, వానిని నడపు మూడు జతల నరములు, వానికి ఆజ్ఞ యిచ్చు మెదడు - జోడెద్దులవలె కలిసి నడువవలసినవి తలదెబ్బ పిమ్మట అడుగు తప్పుచుండును. "అమ్మా, ఇది మీ కల్పన కాదు" అని ఆమె యన్న మాటయే నాకు మొదటి మందు.

చదువుటకు మాత్రము పట్టకపు కళ్లజోడు వ్రాసియిచ్చిరి. పట్టకమనగా మావారు పిల్లలకు ఇంద్రధనుస్సు రంగులు చూపు ప్రిజమను గాజుముక్కయే. కిరణము దాని మందపువైపునకు వంగును. వస్తువు పలుచని అంచువైపు జరిగినట్లు కనబడును. ఒక ప్రిజం డయాప్టరు బలముగల అద్దము మీటరు దూరములోని వస్తువును ఒక సెంటీమీటరు జరిపి చూపును. నా జోడులో మందపు అంచు ముక్కువైపున నుండెను. కన్నులు అంతగా లోపలికి తిరుగకయే అక్షరములు కలిసినవి. తొలినాడు ఒక పద్యము ఆసాంతము చదివి, వంటింటిలోనికి పోయి ఏడ్చితిని.

అయినను అది ఊతకఱ్ఱయే. అసలు పని అభ్యాసము: వారమునకొకమాఱు వైద్యశాలలో, ప్రతిదినము ఇంటిలో పావుగంట, పండ్రెండు వారములు. అందులో ఒకటి చెప్పెదను. మూడు పూసలు గ్రుచ్చిన పొడుగు దారమును ఒక కొన కిటికీ ఊచకు కట్టి, రెండవ కొన ముక్కుకు ఆనించి పట్టుకొనవలెను. ఒక పూసను చూచినప్పుడు పూస ఒకటిగాను, దారము రెండై ఆ పూసయొద్ద దాటుకొన్నట్లును కనబడవలెను. ఒక దారము మాయమైనచో ఒక కన్ను పని మానినట్లు. ఇక్కడ రెండుగా కనబడుటయే ఆరోగ్యమని నమ్ముటకు నాకు రెండు వారములు పట్టినది. పనికత్తె నన్ను చూచి జపమనుకొనెను.

ఈ చికిత్సను గూర్చి గొప్పలు చెప్పువారును గలరు గాన, లెక్కలు కూడ వినుడు. అమెరికాలో 9 మొదలు 17 ఏండ్ల వయసుగల 221 మంది అభిసరణలోపము గల పిల్లలపై చేసిన పరీక్ష ఫలితములు 2008లో వెలువడినవి. పండ్రెండు వారములు వైద్యశాలలో అభ్యాసము చేసినవారిలో నూటికి 73 మందికి గుణమిచ్చెను. ఇంటియొద్ద పెన్సిలును ముక్కువైపు తెచ్చుకొను అభ్యాసము మాత్రము చేసినవారిలో 43 మందికి. 2005లో వెలువడిన మఱియొక పరీక్షలో చదువు పట్టకపు జోడు పిల్లలకు మామూలు జోడుకంటె ఎక్కువ మేలు చేయలేదు. వీరు తలదెబ్బ తిన్నవారు కారు. కాబట్టి అదే లెక్క మనకును వర్తించునని చెప్పరాదు. నా నయమగుటలో కాలము పాలెంతయో, పూసల పాలెంతయో నేను తూచి చెప్పజాలను.

పట్టకము తప్పనిసరియగు సందర్భములును గలవు. కంటికి పోవు నాలుగవ నరము సన్ననిది, తలలో చాల దూరము ప్రయాణించునది; దెబ్బకు తఱచు లోబడును. అప్పుడు ఒక రూపము పైన, ఒకటి క్రింద కనబడును. మెట్లు దిగుట ప్రాణాంతకమగును. రోగి తనకు తెలియకయే తలను ఒక ప్రక్కకు వంచును. చూచువారు మెడ పట్టినదనుకొందురు. కొలత మాఱుచున్నంతకాలము, ఫ్రెనెల్ పేర నున్న పలుచని పట్టకపు పొరను అద్దమునకు అంటించి, మాఱినప్పుడు తీసివేయుదురు. ఇంచుమించు ఆఱు మాసములు చూచినను నయము కాకున్న శస్త్రచికిత్స యోచింతురు. ఇంకొకరి జోడు తెచ్చి పెట్టుకొనుట మాత్రము వలదు. మందపు అంచు తప్పువైపున నున్నచో బాధ ఇనుమడించును.

"మిస్సమ్మ"కు దర్శకులైన ఎల్. వి. ప్రసాదుగారు విరాళమీయగా ఆయన పేర వెలసిన నేత్రవైద్య సంస్థ 1987 నుండి మన హైదరాబాదుననే యున్నది. ప్రభుత్వమువారి సరోజినీదేవి కంటి ఆసుపత్రియు గలదు. ఎక్కడికి పోయినను "చూపు మసక" యని యూరకుండక, దెబ్బ తగిలిన తేదీ, చదివిన ఎంతసేపటికి అక్షరములు కదలునో, ఒక కన్ను మూసిన ఏమగునో కాగితముపై వ్రాయించి తీసికొనిపొండు.

ఇప్పుడు నా జోడు పెట్టెలో నున్నది. ఉదయము గంటసేపు చదువుదును. దీపాలవేళకు ఒత్తులు ఒక్కొక్కప్పుడు ఇంకను జరుగును. అప్పుడు పుస్తకము మూసి అమ్మాయిచేత చదివించుకొందును. ఈ వ్యాసము మూడు ఉదయములలో వ్రాసితిని. మావారు రెండవ హెల్మెట్టు కొనిరి. పూలు ఇల్లు చేరినపిదప పెట్టుకొనుచున్నాను.